ఉత్తమ ఆచార్యులను ఫైలు చూసి కాదు, పాఠం చూసి ఎంచండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నత విద్యామండళ్ల అధ్యక్షులకు, రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, ఉత్తమ అధ్యాపక పురస్కారాల ఎంపిక సంఘాల సభ్యులకు

నమస్కారం.

జులై ఆఖరు వచ్చిందంటే యూనివర్సిటీ గేట్ల ఎదురుగా ఉండే జిరాక్సు షాపులకు చేతినిండా పని. సెప్టెంబరు 5న ఇచ్చే పురస్కారాలకు దరఖాస్తు గడువు దగ్గర పడుతుంటుంది. అచ్చయిన పేపర్ల మొదటి పేజీలు, సెమినార్ సర్టిఫికెట్లు, రిసోర్స్ పర్సన్‌గా రమ్మని వచ్చిన ఉత్తరాలు, శాలువా కప్పించుకున్న ఫొటోలు, పత్రికల క్లిప్పింగులు అన్నీ కలర్ జిరాక్సు తీయించాలి. మధ్యమధ్య రంగు కాగితాలు పెట్టి స్పైరల్ బైండింగ్ చేయించాలి. సెట్లకు సెట్లు రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. నాకు సన్మానం చేయండని అడగాల్సింది సన్మానం అందుకునేవారే. ఆత్మాభిమానం ఉన్న మంచి టీచరు ఈ పని చేయడు. చేయని వాళ్ల పేర్లు మీ దాకా రావు. నా అభ్యంతరం ఇక్కడి నుంచే మొదలవుతుంది.

నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైన వాణ్ణి. ఇలాంటి ఫైళ్లను వడపోసే కమిటీల్లో కూర్చున్నాను కూడా. ఆ గదిలో ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. టేబుల్ మీద ఫైళ్ల దొంతర, పక్కన టీ, బిస్కెట్లు. మేం వెళ్లేసరికే సెక్షన్ వాళ్లు పేపర్లెన్ని, పీహెచ్‌డీలెన్ని, ప్రాజెక్టులెన్ని అని ఎక్సెల్ షీట్‌లో లెక్కకట్టి, ఎక్కువ నుంచి తక్కువకు వరస పేర్చి ఉంచుతారు. ఒకసారి పెద్దాయన ఒకరు కళ్లజోడు తీసి, "అది సరేనయ్యా, ఇతను పాఠం ఎలా చెప్తాడు?" అని అడిగారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "స్టూడెంట్ ఫీడ్‌బ్యాక్ జత చేశారు సార్, 5కి 4.8 ఉంది" అన్నాడు సెక్షన్ ఆఫీసర్. తిరగేసి చూస్తే దాదాపు అన్ని ఫైళ్లలోనూ అదే వరసలో అంకెలున్నాయి. విశ్వవిద్యాలయాలకు గ్రేడు ఇచ్చే నాక్ టీం వచ్చే ముందు నింపించిన ఫారాలు మరి. ఇంటర్నల్ మార్కులు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ల గురించి పిల్లలు 4.8 కాక ఇంకేం వేస్తారు?

బోధనను కొలిచే పనిముట్టు మన దగ్గర లేదని అనుకుంటాం. ఉంది, విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల్లోనే ఉంది. ప్రమోషన్ల కోసం పెట్టిన ఆ పట్టికలో బోధన అంటే, కేటాయించిన క్లాసుల్లో ఎన్ని తీసుకున్నారన్న శాతం. 80 శాతం దాటితే 'గుడ్', 70కీ 80కీ మధ్యనుంటే 'సంతృప్తికరం', 70 కంటే తగ్గితే 'కాదు'. అంతే. క్లాసులో నిలబడి పాత నోట్సు డిక్టేట్ చేసిన మనిషికీ, పిల్లల చేత ఆలోచింపజేసిన మనిషికీ ఒకటే గ్రేడు. విద్యార్థికి 75 శాతం హాజరు లేకపోతే పరీక్షకు రానివ్వం కదా, అయ్యవారికి పెట్టింది కూడా ఆ హాజరు పరీక్షే. పరిశోధన సంగతి వచ్చేసరికి మాత్రం పట్టిక పొడుగవుతుంది. సైన్సు వాళ్లకు పేపరుకు 8 పాయింట్లు, ఆర్ట్స్ వాళ్లకు 10, ఒక పీహెచ్‌డీ ఇప్పిస్తే 10, విదేశీ సదస్సులో మాట్లాడితే 7, దేశంలో జరిగే అంతర్జాతీయ సదస్సుకైతే 5. దేనికెంతో అణా పైసలతో సహా రాసిపెట్టారు. ఈ పట్టికనే అటూ ఇటూ మార్చి అవార్డు ప్రొఫార్మాల్లోకి ఎక్కించడం నేను చూశాను.

మా సబ్జెక్టులోంచే ఒక ఉదాహరణ చెప్తాను. ఇది ఎప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది, కాబట్టి కాస్త ఎక్కువ చెప్తే భరించండి.

సి.ఆర్.రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా వెళ్లి 1943లో అక్కడి విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ ఎం.ఏ. పూర్తి చేశారు. ఆ వెంటనే అక్కడే పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేళ్లు నిండాయో లేదో. ఒకరోజు క్లాసులో బ్రిటిష్ స్టాటిస్టిక్స్ దిగ్గజం ఫిషర్ ఫలితం ఒకటి వివరిస్తున్నారు. ఎంత మంచి పద్ధతిలో అంచనా కట్టినా దాని వేరియన్స్, అంటే అంచనా ఎంత అటూ ఇటూ ఊగుతుందన్న లెక్క, ఒక హద్దుకు కిందికి దిగదు, అయితే శాంపిల్ చాలా పెద్దదైనప్పుడే ఈ మాట వర్తిస్తుంది అని. క్లాసులో వి.ఎం.దండేకర్ అనే విద్యార్థి ఉన్నాడు. శిష్యుడన్న మాటేగానీ ఇంచుమించు గురువు ఈడువాడే. శాంపిల్ చిన్నదైనా ఇలాంటి హద్దు ఒకటి చూపించగలమా అని అడిగాడు. రావు గారి దగ్గర అప్పటికప్పుడు జవాబు లేదు. ఆ రాత్రి ఇంటి దగ్గర కూర్చుని సాధించి, మర్నాడు వచ్చి క్లాసులో చెప్పారు. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చిన వ్యాసంలో ఉన్నది ఆ ఫలితమే. ప్రపంచంలో స్టాటిస్టిక్స్ చదివే ప్రతి పిల్లా పిల్లవాడూ ఇవాళ దాన్ని క్రామర్-రావు అసమానత పేరుతో నేర్చుకుంటున్నారు. 2023లో ఆయనకు 102 ఏళ్ల వయసులో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఇచ్చినప్పుడు ప్రస్తావించింది ఆ 1945 వ్యాసాన్నే. ప్రశ్న అడిగిన దండేకర్ తర్వాత కాలంలో మన దేశంలో పేదరికాన్ని లెక్కగట్టిన ఆర్థికవేత్తల్లో పెద్ద పేరయ్యాడు.

ఇప్పుడు ఆ వ్యాసాన్ని మన పట్టికలో పెట్టి చూడండి. పేపరుకు 8 పాయింట్లు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (పత్రికలోని వ్యాసాలను ఇతరులు ఎంతగా ఉదహరిస్తారన్న అంకె) లేని పత్రికే అనుకుంటే ఇంకో 5. మొత్తం 13. విదేశాల్లో రెండు సదస్సులకు వెళ్లొచ్చిన వారికి 14. దండేకర్ అడిగిన ప్రశ్నకు గానీ, "నాకు తెలియదు, రేపు చెప్తాను" అన్న గురువు నిజాయితీకి గానీ అసలు కాలమే లేదు. బోధన ఒక పేజీ, పరిశోధన ఇంకో పేజీ అని మీరు ప్రొఫార్మాలో విడగొట్టిన రెండూ ఆ రోజు ఒకే గదిలో, ఒకే గంటలో జరిగాయి.

సంఖ్యల వెంట పడితే ఏమవుతుందో మనం ఇప్పటికే చూశాం. 2018 మేలో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి 4,305 పరిశోధన పత్రికలను ఒక్కసారిగా తీసేసింది. ఆ తర్వాత నమ్మదగిన పత్రికలంటూ కేర్ జాబితా అన్నారు, 2025లో అదీ వద్దన్నారు. డబ్బు కడితే వారంలో అచ్చేసే పత్రికలు ఎక్కడికీ పోలేదు. మన డిపార్టుమెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో వాటి ప్రకటనలు రోజూ వస్తూనే ఉన్నాయి. వాటిలో అచ్చయిన పేపర్లు చూపించి ప్రమోషన్ తెచ్చుకోవడం ఒక ఎత్తు. వాటినే చూపించి 'ఉత్తమ ఆచార్య' అనిపించుకుని, కొత్తగా చేరిన కుర్ర లెక్చరర్లకు ఆదర్శంగా వేదిక మీద కూర్చోవడం ఇంకో ఎత్తు. రెండోదే ఎక్కువ చెరుపు చేస్తుంది.

మరి పాఠాన్ని ఎలా చూస్తాం అంటారా? నాకు తెలిసిన ఒక దారి చెప్తాను, దీనికి పైసా ఖర్చు లేదు. ఆ ఆచార్యుడు గడిచిన ఐదేళ్లలో తయారుచేసిన ఇంటర్నల్ ప్రశ్నపత్రాలు, అసైన్‌మెంట్లు తెప్పించండి. ఫలానా సిద్ధాంతాన్ని నిర్వచించి నిరూపించుము, ఫలానా వాటి మధ్య భేదాలు రాయుము అంటూ ఏటా అవే ఐదు ప్రశ్నలు ముందువెనకలుగా వస్తుంటే, ఆ క్లాసులో ఏం జరుగుతోందో మీకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఏడాదికేడాది కొత్త సమస్య కనిపిస్తే, ఒక ఏడు జిల్లా వర్షపాతం లెక్కలు, మరో ఏడు ఆర్టీసీ బస్సుల ఆలస్యాలు పిల్లల చేత పట్టించి ఉంటే, ఆ మనిషి ఇంకా ఆలోచిస్తున్నాడని అర్థం. దిద్దిన పేపర్లు కూడా ఓ పది తెప్పించండి. మార్జిన్‌లో ఎర్రసిరాతో రెండు మాటలు రాసే వాళ్లెవరో, చివర మార్కు మాత్రమే వేసే వాళ్లెవరో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ఎన్ని రంగు కాగితాల ఫైలైనా దీన్ని దాచలేదు.

రెండోది, వెళ్లి క్లాసులో కూర్చోండి. చెప్పకుండా వెళ్లండి, వెనక బెంచీలో కూర్చోండి. నేను అలా ఒకసారి వరండాలో నడుస్తూ కిటికీ దగ్గర ఆగిపోయిన క్లాసు ఒకటుంది. ఒక పార్ట్‌టైమ్ లెక్చరరమ్మ ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్ వాళ్లకు శాంప్లింగ్ చెప్తోంది. సగం మంది తెలుగు మీడియంలో డిగ్రీ చేసి వచ్చినవాళ్లు. ఇంగ్లిషు పుస్తకం తెరిస్తేనే టెన్షన్ పడే పిల్లలు. ఆవిడ పుస్తకం ముట్టుకోలేదు. "అన్నం ఉడికిందో లేదో ఎలా చూస్తారు?" అని అడిగింది. ఒక మెతుకు పట్టి చూస్తామన్నారు. "గిన్నెడు అన్నం సంగతి ఒక్క మెతుకు ఎలా చెప్తుంది?" పిల్లలు గునిసి గునిసి, అన్నీ ఒకేలా ఉడుకుతాయి కదా మేడమ్ అన్నారు. "అడుగున మాడి, పైన పలుకుగా ఉంటే?" అంది. వెనక నుంచి ఒక అమ్మాయి, "ముందు గరిటెతో కలియదిప్పాలి మేడమ్" అంది. ఆవిడ అప్పుడు బోర్డు వైపు తిరిగి, ఆ కలియదిప్పడమే రాండమైజేషన్ అని రాసింది. శాంపిల్ సైజు కంటే శాంపిల్ తీసే పద్ధతి ముఖ్యమని గంటసేపు చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క మాటతో ఎక్కింది. నేను ఆ చాప్టర్ అంతకుముందు చాలా ఏళ్లు చెప్పినవాణ్ణే. ఆ మర్నాటి నుంచి నేనూ అన్నంతోనే మొదలుపెట్టాను.

ఆవిడ ఏ అవార్డుకూ దరఖాస్తు పెట్టుకోలేదు, పెట్టుకోవడానికి వీల్లేదు కూడా. నేను చూసిన సర్క్యులర్లలో అర్హత దగ్గరే రెగ్యులర్ సర్వీసు ఇన్నేళ్లు ఉండాలన్న షరతు ఉంటుంది. కాంట్రాక్టు, పార్ట్‌టైమ్, గెస్ట్ ఫ్యాకల్టీ, అకడమిక్ కన్సల్టెంట్ అని ఊరికో పేరు పెట్టి పిలుచుకునే వాళ్లెవరికీ ఆ గుమ్మం దాటే వీల్లేదు. మీరే చెప్పండి, ఏళ్ల తరబడి నియామకాలు లేక, మంజూరైన పోస్టుల్లో సగానికి మించి ఖాళీలున్న విశ్వవిద్యాలయాల్లో పాఠాలు ఎవరు చెప్తున్నారు? నిబంధన ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటలు, ప్రొఫెసర్‌కు 14. గంటల లెక్కన జీతం తీసుకునే మనిషికి ఇంకా ఎక్కువే పడుతుంది. సెలవుల్లో ఆ జీతమూ ఆగిపోతుంది. పాఠాల్లో ఎక్కువ భాగం చెప్పేవాళ్లను పక్కన పెట్టి మిగిలిన కొద్దిమందిలోంచి ఉత్తముణ్ణి ఎంచడమంటే, మా భాషలో చెప్పాలంటే, గరిటె పెట్టకుండా పై మెతుకు పట్టడమే. వాళ్ల ఉద్యోగాల క్రమబద్ధీకరణ వేరే పెద్ద సమస్య, కోర్టులున్నాయి, ప్రభుత్వాలున్నాయి, ఈ ఉత్తరంలో దాని జోలికి పోను. అవార్డు అర్హత మార్చడానికి మాత్రం ఏ కోర్టూ అడ్డం రాదు. ఒక్క సర్క్యులర్ చాలు. అనుబంధ డిగ్రీ కళాశాలల వాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

పేర్లు ఎవరు సూచించాలన్నది అసలు ప్రశ్న. చదువు పూర్తి చేసి కనీసం ఐదేళ్లయిన పూర్వ విద్యార్థులు సూచించాలని నా మాట. ఇంటర్నల్ మార్కుల భయం వాళ్లకుండదు. క్లాసులో జోకులేసి నవ్వించిన వాళ్లెవరో, ఉద్యోగంలో చేరాక అక్కరకొచ్చే చదువు చెప్పిన వాళ్లెవరో వాళ్లకు అప్పటికి తెలిసొస్తుంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1921లో మైసూరు వదిలి కలకత్తా వెళ్తున్నప్పుడు విద్యార్థులు పూలబండిలో కూర్చోబెట్టి రైల్వే స్టేషన్ దాకా లాక్కెళ్లారని ఏటా సెప్టెంబరు 5న ప్రతి వేదిక మీదా చెప్తాం. ఆ సన్మానానికి ఆయన దరఖాస్తు పెట్టుకోలేదు, చేసింది ఏ కమిటీ కాదు అని మాత్రం అనం.

దీని మీద రాబోయే అభ్యంతరం నాకు తెలుసు. కులం, ప్రాంతం, సంఘం చూసి పేర్లు పంపుతారు అంటారు. మన యూనివర్సిటీల్లో కులం లేనట్టు నటించడం దండగ. అది ఉంది, ఇప్పటి పద్ధతిలోనూ నిక్షేపంలా పనిచేస్తోంది. ఎమ్మెల్యే గారి సిఫారసు ఉత్తరం, సెక్రటేరియట్‌లో తెలిసిన వాళ్ల ఫోను, చివరి రోజున జాబితాలోకి వచ్చి చేరే కొత్త పేరు, ఇవన్నీ ఎవరికి తెలియవు? అందుకే ఓట్లు లెక్కపెట్టవద్దంటున్నాను. వంద ఉత్తరాలొచ్చాయా, నాలుగొచ్చాయా అన్నది చూడొద్దు. ఉత్తరంలో ఒక పాఠం గురించి, ఒక సంఘటన గురించి వివరం ఉందా అన్నదే చూడండి. మా సార్ దేవుడు అన్న ఉత్తరం పక్కన పెట్టండి. మా సార్ నా ప్రాజెక్టు మూడుసార్లు తిప్పి పంపి, డేటా మళ్లీ తెచ్చుకోమన్నారు, అప్పుడు తిట్టుకున్నాను అన్న ఉత్తరం చదవండి. ఎవరి తరఫునైనా రాజకీయ సిఫారసు వస్తే ఆ పేరు ఆ ఏటికి తీసేస్తామని సర్క్యులర్‌లోనే రాయండి. ఆ ఒక్క వాక్యం చాలా ఫోన్లను ఆపుతుంది.

పరిశోధనను తక్కువ చేయమని నేను అనడం లేదు. ఎక్కువ చేయమంటున్నాను. పేపర్ల జాబితా అడగొద్దు. ఆ మనిషి జీవితం మొత్తంలో తనకు నచ్చిన ఒకే ఒక్క పని పంపమనండి. అది ఎందుకు ముఖ్యమో డిగ్రీ చదివే పిల్లలకు అర్థమయ్యే తెలుగులో ఒక పేజీ రాయమనండి. ఆ సబ్జెక్టు తెలిసిన బయటి వాళ్లిద్దరికి పంపి, చదివి అభిప్రాయం రాయించండి. వందా నూటయాభై పేపర్లున్న వాళ్లకు ఆ ఒక్కటీ ఎంచుకోవడమే కష్టమవుతుందని నా అనుమానం.

కొంతమంది ఇదంతా ఎక్కడైనా అయ్యే పనేనా అంటారు. జాతీయ ఉపాధ్యాయ పురస్కారాలను 2023 నుంచి ఉన్నత విద్యలోని వాళ్లకూ ఇస్తున్నారు. అంటే కేంద్రం సైతం కాలేజీ పాఠాన్ని గుర్తించాలన్న ఆలోచనకు వచ్చింది. బ్రిటన్‌లో 2000 నుంచి కేవలం బోధనకే జాతీయ ఫెలోషిప్‌లు నడుస్తున్నాయి. మన దగ్గరా ఒకప్పుడు మనుషుల్ని ఫైళ్లు చూడకుండా ఎంచిన రోజులున్నాయి. 1926లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 2026తో నూరేళ్లు. అక్కడ 1931 నుంచి 1936 దాకా ఉపకులపతిగా ఉన్న రాధాకృష్ణన్ కాలంలో తర్వాత కేంద్రమంత్రి అయిన హుమాయూన్ కబీర్, పార్లమెంటు సభ్యుడిగా పేరు తెచ్చుకున్న హీరేన్ ముఖర్జీ వాల్తేరు వచ్చి పాఠాలు చెప్పారు. అప్పటికి ఇద్దరికీ ముప్ఫై ఏళ్లు నిండలేదు. రసాయనశాస్త్రంలో టి.ఆర్.శేషాద్రి వచ్చి ఒక పరిశోధన పరంపరనే నిలబెట్టారు. ఆ వయసు వాళ్ల ఫైళ్లు మన ఎక్సెల్ షీట్లో ఎన్నో వరసలో తేలేవో ఊహించుకోండి.

సభ గురించి కూడా నాలుగు మాటలు. రవీంద్రభారతి అయినా, విజయవాడ అయినా తంతు ఒకటే. మంత్రిగారు వచ్చేదాకా అందుకునేవాళ్లు ముందు వరసల్లో ఎదురుచూడాలి. ప్రసంగాలయ్యాక వరసగా పిలుస్తారు, శాలువా, మెమెంటో, ఫొటో, దిగండి. ఎవరికి ఎందుకిచ్చారో హాల్లో ఒక్కరికీ తెలియదు. దానికి బదులు అవార్డు వచ్చిన వాళ్ల చేత అదే వేదిక మీద పావుగంట పాఠం చెప్పించండి. ముందు వరసల్లో అధికారులకు బదులు డిగ్రీ విద్యార్థులను కూర్చోబెట్టి, ప్రశ్నలు అడగనివ్వండి. ఆ పాఠాలు రికార్డు చేసి అన్ని కాలేజీలకూ పంపితే శాలువాకు పెట్టిన డబ్బు కంటే ఎక్కువ పనికొస్తుంది. నగదుకు తోడు, ఒక సెమిస్టర్ పాటు పరీక్షల విధులు, నాక్ ఫైళ్లు, అడ్మిషన్ల కమిటీల నుంచి మినహాయింపు ఇవ్వండి. మంచి టీచర్లను అడిగి చూడండి, డబ్బు కంటే ముందు కోరేది ఆ తీరికే.

ఈ ఏటి సర్క్యులర్ తయారయ్యే లోపు మార్చగలిగినవి మూడున్నాయి. స్వీయ దరఖాస్తు తీసేసి పూర్వ విద్యార్థుల ఉత్తరాలు తీసుకోవడం, రెగ్యులర్ సర్వీసు షరతు కొట్టేయడం, పేపర్ల జాబితా స్థానంలో ఐదేళ్ల ప్రశ్నపత్రాలు అడగడం. మిగతావి వచ్చే ఏటికి చూసుకోవచ్చు. ప్రశ్నపత్రాలు చదివి పెట్టే మనుషులు లేరని మీ ఆఫీసులు అంటే, నాలాంటి రిటైరైన వాళ్లం రెండు రాష్ట్రాల్లోనూ బోలెడుమందిమి ఖాళీగానే ఉన్నాం. టీఏ, డీఏలు కూడా అక్కర్లేదు. కబురు పెడితే వచ్చి కూర్చుంటాం.

ఇట్లు
ఒక విశ్రాంత స్టాటిస్టిక్స్ ఆచార్యుడు